క్లిక్కు మా గొర్రెలది

మా గుర్వయ్యకు ఇంగ్లీషులో ఒకే ఒక్క మాట వచ్చు. ఆ ఒక్క మాట కూడా తన ఇంటిదేనని, ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఎత్తుకుపోయారని, కల్వకుర్తిలో ఎదురైన ప్రతి మనిషితోనూ తగాదా పెట్టుకునేవాడు. ఆ మాట క్లిక్.

నేర్పింది నేనే. అరవై రెండులో బస్సులు ఆగే చోట నాకు ఫోటో స్టూడియో ఉండేది. ఒక సంత రోజున గుర్వయ్య భుజాన గొంగడితో, నడుముకు ఉన్ని కత్తెరతో, వెంట చెల్లెలు భద్రమ్మతో వచ్చాడు. పాలమూరు దవాఖానాలో భద్రమ్మకు కాన్పులు చేసే పని నేర్పుతామన్నారట. నెలాఖరులోగా ఫోటో పంపాలి. కళ్ళు మూసుకున్న ఫోటో చెల్లదు.

ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని వాడకట్టంతా ఆమెను బెదిరించింది. "తగ్గితే నాదే గద తగ్గేది, మీ ఇండ్లల్లకెళ్లి ఏం పోతది?" అని అడిగి వచ్చిన మనిషి ఆమె. అంత మొండి మనిషీ కెమెరా చప్పుడు కాగానే కళ్ళు గట్టిగా మూసేసుకుంది. మళ్ళీ తీశాను. మళ్ళీ అంతే.

"క్లిక్ మనంగనే కండ్లు మూస్తే ఎట్లమ్మా?"

"క్లిక్ అంటె ఏంది ఐలేశం?" అన్నాడు గుర్వయ్య.

నాలో పండితుడు నిద్రలేచాడు. నిఘంటువు తెరిచాను. "చప్పుడును బట్టి పుట్టిన మాట గుర్వన్నా. గొళ్లెం పడితే క్లిక్. తుపాకి మీట నొక్కితే క్లిక్. పట్నంల సినిమా మంచిగ నడిస్తే గూడ క్లిక్ అయిందంటరు."

అతను ఒకసారి చెల్లెలి వైపు చూశాడు. నాలుకను అంగిలికి ఆనించి విడిచాడు. కాలిన బండమీద తొలి చినుకు పడ్డట్టు ఒక చప్పుడు. బయట నిలబెట్టిన గొర్రెలన్నీ తలలెత్తాయి.

"గిదేనా?"

"ఇంచుమించు గదే."

"గిది మా తాతది. గొర్లను పిలిచేది. ఎవని చప్పుడో నీ బుక్కుల రాసిండా?"

"రాయలేదు."

"ఎట్ల రాస్తడు? ఎత్కపోయినోడు సొమ్ము ఎవలదో రాస్తడా?"

"మీది టక్కు, వాళ్ళది క్లిక్కు గద?"

"బొచ్చు గొరిగినంత మాత్రాన నా గొర్రెను నేను గుర్తువట్టనా?"

ఆనాటి నుంచి ఊరికి శాంతి లేదు. హోటల్లో ఎవరో తలుపు గొళ్లెం వేస్తే, "మాదే, వాడుకోరి" అని ధర్మప్రభువులా చెయ్యి ఊపేవాడు. ఫలానా సినిమా క్లిక్ అయిందని ఎవరన్నా అంటే, "ఎవల నాలికెతోని?" అని నిలదీసేవాడు. ఒకరోజు ఠాణా ముందు జవాను తుపాకి తుడిచి, ఖాళీ మీట నొక్కి చూస్తున్నాడు. పక్కన చెల్లెల్ని నిలబెట్టుకుని గుర్వయ్య గట్టిగా అరిచాడు. "జవానూ! నీ తుపాకి మా గొర్ల భాష మాట్లాడ్తాంది. ఎవన్నడిగి?"

జవాను నవ్వాలో కొట్టాలో తేల్చుకునేలోగా నేను ఇద్దరినీ లాక్కొచ్చాను. భద్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

ఇంట్లో భద్రమ్మకు ఇంకా ఘోరం. రొట్టె చేస్తుంటే చెవి పక్కన టక్. నీళ్ళు మోస్తుంటే టక్. "ఐలేశమన్నా, మాయన్న నాలికె మీద పుండన్న లేస్తలేదు!" అని ఆమె నా దగ్గర మొరపెట్టుకుంది.

నెలాఖరు వచ్చింది. సాయంత్రం బస్సుకే ఫోటో పోవాలి. భద్రమ్మ పీట మీద బిగుసుకుని కూర్చుంది. గుర్వయ్య నా కెమెరా పక్కన చేరి మొదలుపెట్టాడు.

"చెప్పు చెల్లే, ఏది నాది, ఏది ఐలేశంది? టక్."

"నీది."

"టక్. గిది?"

"నీదే."

"గిప్పుడో?"

"గది గూడ నీదే తియ్యన్నా, సావగొట్టకు!"

ఆ చివరి చప్పుడు నా కెమెరాది. నెగెటివ్ కడిగితే, రెండు కళ్ళూ వాన వెలిసిన మధ్యాహ్నంలా విప్పారి ఉన్నాయి.

ఆమె బయటికి పోయాక గుర్వయ్య నడుము కత్తెరను ఉత్తగా ఆడించాడు.

"కొత్త గొర్రెపిల్లకు ఉన్ని కోసే ముందుగాల కొన్ని దినాలు చెవికాడ గిట్ల ఆడిస్తం. కొయ్యం. చప్పుడు మనోళ్లదే అని ఎర్కైతే ఇగ బెదరది." గొంతు తగ్గించాడు. "రజాకార్ల నాడు మా నాయిన రొమ్ముకు తుపాకి వెట్టి, ఉత్తగ మీట నొక్కి నవ్విండ్రు. పేలలే. ఈ పొల్ల వడ్ల గుమ్మి చాటుకెళ్లి చూసింది. గప్పటిసంది గా చప్పుడింటె కండ్లు మూస్తది. గా చప్పుడు తుపాకిదే ఎందుకు గావాలె? అందుకే గుంజుకున్న."

"అంటే, క్లిక్కు నీది కాదని నీకు ముందే తెల్సా?"

గుర్వయ్య గొంగడి దులిపి లేచాడు. "ఎవడన్నడు గా మాట? నాదే! పంచాయితి ఇంక నడుస్తనే ఉంది."

భద్రమ్మ పాలమూరు పోయింది. నా నిఘంటువులో ఆ మాట పక్కన, ఎవరి చప్పుడో రాయని ఖాళీలో, పెన్సిలుతో 'కల్వకుర్తి గుర్వయ్య' అని రాసిపెట్టాను. ఇంగ్లీషువాళ్ళు ఎవరైనా వచ్చి చెరపమంటే అప్పుడు చూద్దాం.