దోర్నపాల్ దారిలో గిన్నెలమ్మ

సర్వప్రాణులకు ఊపిరియగు వాయుదేవునకు నమస్కరించి వ్రాయుచున్నాను. ఆశ్వయుజ బహుళ షష్ఠి నాడు దోర్నపాల్ సంతకు పోవు బస్సులో, ప్రక్కన కూర్చున్న స్టీలు గిన్నెలమ్ము స్త్రీతో ఎన్నికల మాట రాగా, "నాదియు చిన్న బట్టల కొట్టే, పన్ను తగ్గించువారికే నా ఓటు" అంటిని. అంతలో నాకు ఊపిరాడలేదు. ఆమె బస్సు నాపించి, గిన్నెల మూటతో దిగి, ఆటోలో నన్ను దవాఖానకు చేర్చినది.

తేరుకొని, "నీ సంత పోయెనే, తల్లీ!" అంటిని.

"సంత మళ్ల వారం వస్తది తాతా, నువ్వొస్తవా ఏంది?" అని నవ్వినది. "పన్నుదేముంది, అమ్ముడైతేనే కడ్తం. మనిషి పడితే దుకాణమే బంద్. మా ఊర్ల డాక్టరుంటే మా ఆయన బతికేటోడు. డాక్టర్ని తెస్తమన్నోళ్లకే నా ఓటు."

పేరడుగక మునుపే మూట నెత్తికెత్తుకొని వెడలినది.

కార్తిక శుద్ధ తదియ నాడు ఓట్లు పడినవి. ఎల్లప్పుడును పన్ను మాటకే ఓటు వేసిన నేను, ఈసారి డాక్టరు మాటకు వేసితిని.