మాట కోసం లాడ్ బజార్‌కు

నా మనవరాలు శైలజ చదివిన చదువేమిటో నాకు చాలా కాలం అంతుపట్టలేదు. డాక్టరమ్మ కాదు, పంతులమ్మ కాదు. ముందు భాషల చదువు, ఆపైన మెదడు చదువు, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక పరిశోధన సంస్థలో ఉద్యోగం. మెదడుకు దెబ్బ తగిలితే మాట ఎందుకు పోతుందో, ఎలా తిరిగొస్తుందో చూడటం ఆమె పని. పోయిన ఆదివారం షాద్‌నగర్‌లో మా ఇంటికి వచ్చి, "అమ్మమ్మా, రేపు నాతోని పాతబస్తీకి రా. గట్టిగ బేరం చేసే మనిషి కావాలె" అంది. ఆ పనికి నన్ను మించినవాళ్లు దొరకరు కాబట్టి ఒప్పుకున్నాను.

సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు బస్సెక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్ ఇస్తారు, మరిచిపోకండి. జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయ తొక్కు, నీళ్లు సంచిలో పెట్టుకున్నాను. నీళ్లు కొనుక్కుని తాగడం నాకు గిట్టదు.

దారిలో శైలజ సంగతంతా చెప్పింది. పాతబస్తీ లాడ్ బజార్‌లో ఖాజా భాయ్ అని లక్క గాజుల దుకాణం ఆయన. పక్షవాతం వచ్చి చెయ్యీ మాటా పడిపోయాయి. చెయ్యి తేరుకుంది, మాట సరిగా తేరుకోలేదు. గిరాకీతో మాట్లాడలేని మనిషిని గల్లా మీద ఎలా కూర్చోబెట్టాలని కొడుకు సలీం దుకాణం తనే నడుపుతున్నాడు. తండ్రి ఇంట్లో గోడ చూస్తూ కూర్చుంటున్నాడు. ఈరోజు ఒక్క బేరం తనంతట తాను తేల్చితే మళ్లీ గల్లా ఇస్తానని సలీం ఒప్పుకున్నాడట.

"అసలుకే మాట రాదా?" అన్నాను.

"అంకెలు గడగడ చదువుతడు. కోపమొస్తే తిట్లు గూడ మస్తొస్తయ్. గవి అలవాటు మాటలు అమ్మమ్మా. మనసుల అనుకున్నది చెప్పుడే కష్టం."

ముందు సీటావిడ వెనక్కి తిరిగింది. "మా మామకు గిట్లనే అయ్యింది బిడ్డా. గోలీలిస్తవా?"

"లేదు పెద్దమ్మా, మాట్లాడిపిస్త."

"గంతేనా!" అని ఆవిడ మళ్లీ ముందుకు తిరిగిపోయింది. నాకు ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ నేను అనుకున్నదీ అదే గదా.

బహదూర్‌పురాలో దిగి ఆటో మాట్లాడుకున్నాం. అడిగినదాంట్లో సగానికి తెచ్చాను. "గింత తక్కువకైతే నేను ఎనుక కూసుంట, నువ్వే నడుపమ్మా" అన్నాడు ఆటోవాలా. అయినా నడిపాడు.

పదకొండు గంటలకు దుకాణం చేరాం. ఖాజా భాయ్ ఉతికిన లాల్చీ వేసుకుని గల్లా మీద కూర్చుని ఉన్నాడు. శైలజ ముందే గట్టిగా చెప్పింది: "ఎవ్వరూ మాట అందియ్యొద్దు. తెలుగొచ్చినా ఉర్దూ వచ్చినా మంచిదే." ఆ ఇంట్లో ఆయన నోరు తెరిచేలోపే చాయా, నీళ్లా, దుప్పటా అని తలా ఒక మాట అందిస్తారట. "ప్రేమతోనే ఆయన నోరు మూసిన్రు" అంది నా చెవిలో.

నేను ఒక జత గాజులు తీసి, "ఏంది భాయ్, ప్లాస్టికా?" అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. "ప్... ప్లాస్... నై! నై!" నా మాటే ఆయన నాలుకకు చుట్టుకుంది. నుదుటిన చెమట పట్టింది. సలీం పెదవులు కదిలాయి. శైలజ వేలెత్తి ఆపింది. నా నోట్లోనూ 'లక్క' అన్న మాట సిద్ధంగా ఉంది. అది చెప్పకుండా పళ్లు బిగబట్టుకోవడం నాకు ఎంత కష్టమైందో చెప్పలేను.

ఆయన ఆ గాజు చేతిలోకి తీసుకుని తిప్పాడు. "హాత్... హాత్ కా. చేతి... పని."

"చేతి పనైతే? సగానికియ్యి."

"నక్కో!" వెంటనే వచ్చింది. శైలజ పెదవి విరిచింది. వద్దనడం అలవాటు మాట, లెక్కలోకి రాదు.

"ఎందుకియ్యవు?" అని గట్టిగా అడిగాను.

ఆయన నన్ను చూశాడు, కొడుకును చూశాడు. "నువ్వు... ఏక్ బార్... కొంటవ్. వీడు... వీడు రోజ్ తింటడు!"

ముందు నేనే నవ్వాను. సలీం నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. శైలజ మాత్రం నవ్వలేదు, "బేరం తేల్చు చాచా" అంది. ఆయన కొంచెం తగ్గించి ధర చెప్పాడు, "బస్" అన్నాడు. కొన్నాను.

"కల్ సే సుబే ఆపీచ్ బైఠో అబ్బా." రేపటి నుంచి పొద్దటిపూట మీరే కూర్చోండని సలీం తండ్రితో అన్నాడు.

"సాయంత్రం రద్దీల మాత్రం ఇప్పుడే వద్దు" అని శైలజ హద్దు పెట్టింది.

ఖాజా భాయ్ తల అడ్డంగా ఊపాడు. "కల్... నై. అబ్బీచ్." ఇప్పుడే అని. గల్లా మీంచి లేవనే లేదు.

దుకాణం వెనక కూర్చుని మా రొట్టెలు తిన్నాం. చాయ్ సలీం తెప్పించాడు కాబట్టి రెండు కప్పులు తాగాను. శైలజ తన ఆఫీసుకు పోయింది. నేను ఒక్కదాన్నే తిరుగు బస్సెక్కాను. గోలీ లేదు, సూది లేదు. ఎవరు ఎప్పుడు ఊరుకోవాలో, ఏది అసలు మాటో, ఏది కాదో తెలియడానికి అంత చదువు కావాలని నాకు ఆ బస్సులో తెలిసింది. దాని చదువుకు పెట్టిన ఖర్చు దండగ కాలేదు.

మీరు లాడ్ బజార్ వెళితే పొద్దటిపూట వెళ్లండి. లక్క గాజుల దుకాణంలో ఒక పెద్దాయన మాట కోసం తడుముకుంటూ కనిపిస్తే తొందరపడి అందించకండి. అలాగని జాలిపడి అడిగినంతా ఇచ్చి రావద్దు. తగ్గించమని గట్టిగా అడగండి. ఆయన దగ్గర జవాబు ఉంది.