గంగన్న రోకలి

మా చిన్నప్పుడు... అంటే లాగులు తొడుక్కునే వయసు కాదు లెండి, కొత్తగా మీసం దువ్వుకునే రోజులు. అరవైకి దగ్గరపడ్డవాడికి అదీ చిన్నప్పుడే. గల్ఫ్‌లో పనికెళ్ళి ఉన్న జుబైల్ క్యాంపులో ఒక శుక్రవారం మధ్యాహ్నం అన్నాలు తిని అందరం టీవీ ముందు చేరాం.

యుద్ధం ముగిసి కొన్ని నెలలే అయింది. సైరన్ల గోల పోయింది. గ్యాస్ మాస్కులు వచ్చిన డబ్బాల్లో మావాళ్ళు ఉల్లిగడ్డలు దాచుకుంటున్నారు.

మామూలుగా అయితే హిందీ సినిమాలే. ఆ వారం మాత్రం, తన దేశం వెళ్ళిపోతూ ఒక ఇంగ్లీషు ఇంజనీరు వదిలేసిన క్యాసెట్ దొరికింది. నలుపు తెలుపు బొమ్మ. లండన్ మీద బాంబులు పడుతుంటాయి... పేలకుండా మిగిలిన వాటిని కొందరు సిపాయిలు వెళ్ళి విప్పుతుంటారు. అదే కథ. పాటల్లేవు, ఫైటింగుల్లేవు. అయినా ఒక్కడూ లేవలేదు.

మాకెవరికీ ఇంగ్లీషు రాదు. నా చదువు ఏడో తరగతితో సరి. ఇంగ్లీషు అక్షరాలు పాలపొడి డబ్బాలు చూసి నేర్చుకున్నాను, ఇప్పటికీ 'ఫుల్ క్రీమ్' అని తప్పులేకుండా రాస్తాను. అందుకే కథ చెప్పే పని ఖాజా భాయ్‌ది. హైదరాబాదీ, మా బస్సు డ్రైవరు, వచ్చీరాని ఇంగ్లీషు ఆయనకే ఉండేది. హీరో ఒక మాటంటే ఈయన నాలుగు చెప్పేవాడు.

సినిమాలో ఆఫీసరు బల్ల మీద రకరకాల బాంబు గుండ్లు పేర్చి తన కుర్రాళ్ళకు పాఠం చెబుతున్నాడు. జానెడు పొడవున్న ఒకదాన్ని పైకెత్తి చూపించాడు. మొన గుండ్రంగా ఉంది, నడుముకు రాగి పట్టీ. "దీని జాన్ అంతా ముక్కులనే ఉంటది" అన్నాడు ఖాజా భాయ్.

సరిగ్గా అప్పుడే గోడ అవతల వంటింట్లోంచి... దణ్... దణ్...

ఇక్కడ రోలు గురించి చెప్పాలి. మా వంటమనిషి గంగన్నది జగిత్యాల వైపు. మిక్సీలో వేసిన తొక్కు తొక్కే కాదంటాడు. పైపు కొసకు మూతగా వెల్డింగు చేసే ఇనుప డొప్ప ఒకటి వర్క్‌షాపులో అడిగి తెచ్చి రోలు చేసుకున్నాడు. రోకలే దొరకలేదు. ఒకసారి నీళ్ళ ట్యాంకరెక్కి ఉత్తరాన యుద్ధం జరిగిన వైపు వెళ్ళినప్పుడు ఇసుకలో దొరికిందట... జానెడు పొడవు, గుండ్రటి మొన, నడుముకు రాగి పట్టీ. మొన పిడికిట్లో పట్టుకుని అడుగువైపుతో దంచేవాడు. మేమందరం తలా ఒక చెయ్యి వేసినవాళ్ళమే.

టీవీ ఆపేశాం. ఎవరూ అరవలేదు... అరిస్తే ఉలిక్కిపడి వదిలేస్తాడని భయం. ఖాజా భాయ్ వంటింటి గుమ్మం దాకా మెల్లగా వెళ్ళాడు. వెనక నేను.

"గంగన్నా, జర చెయ్యి ఆపు."

"ఆపితే ఎల్లిగడ్డ నువ్వు దంచుతవా భాయ్? గంటసేపటి సంది బొమ్మ జూస్కుంట కూసున్నరు, ఒక్కడన్న రాలే."

"దంచుడు కాదన్నా... నీ చేతిల ఉన్నది రోకలి కాదు. బాంబు."

గంగన్న పకపకా నవ్వాడు. "బాంబైతే మరి ఇన్ని దినాలు మీరు తిన్నదేంది, తొక్కా, బారూదా?"

మేం నవ్వలేదు. మా మొహాలు చూశాడు, చేతిలోది చూసుకున్నాడు. అంతే, బొమ్మలా నిలబడిపోయాడు. కింద పెట్టమని ఒకడు, పెట్టొద్దని ఇంకొకడు.

"ఎవడన్న ఒక్కడు చెప్పుండ్రిరా! చెయ్యి గుంజుతున్నది."

చెప్పడానికి మాకేం తెలుసు? తెలిసినవాడు టీవీలోనే ఉన్నాడు. పరుగున వెళ్ళి మళ్ళీ సినిమా పెట్టాం. మా అదృష్టం, ఆ ఆఫీసరు కూలిన ఇంట్లో సరిగ్గా అలాంటి గుండు దగ్గరికే పోతున్నాడు. అందరినీ దూరం పంపించాడు. రెండు చేతులతో ఎత్తాడు. ముక్కు మీద వేళ్ళు వేశాడు...

తెరంతా దుమ్ము. దుమ్ములోంచి ఆయన టోపీ వచ్చి రోడ్డు మీద పడింది.

గోడ అవతలి నుంచి గంగన్న గొంతు: "ఏమైంది భాయ్? ఆ సాహెబు ఏం జేసిండు?"

ఖాజా భాయ్ టీవీ ఆపి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. "ఏం కాలే అన్నా, సాఫ్ బచ్‌గయా! చంటిపోరన్ని పండవెట్టినట్టు మెత్తటి జాగల పండవెట్టిండు. గంతే."

"ఒట్టా?"

"ఒట్టు."

ఆ మధ్యాహ్నమే జుమ్మా నమాజు చేసి వచ్చిన మనిషి. ఆ ఒట్టును పైవాడు ఏ ఖాతాలో రాసుకున్నాడో నాకు తెలియదు.

గంగన్న మెత్తటి జాగ కోసం చుట్టూ చూశాడు. పక్కనే చపాతీలకు కలిపి పెట్టిన పిండి ముద్ద ఉంది. అందులో దాన్ని మెల్లగా ఒత్తి, అలవాటు కొద్దీ పైన తడిగుడ్డ కప్పి, వెనక్కి అడుగులేస్తూ బయటికొచ్చాడు. ఖాజా భాయ్‌ని పట్టుకుని ఏడ్చాడు.

క్యాంపు ఆఫీసుకు పరుగెత్తి చెబితే సైనికులు వచ్చారు. తడిగుడ్డ ఎత్తి చూసి మాకేసి ఒక చూపు చూశారు... పిండితో సహా ఇసుక పెట్టెలో పెట్టుకుని, క్యాంపుకు దూరంగా గొయ్యి తీసి పేల్చారు. కిటికీల అద్దాలు గలగల్లాడాయి. ఆ పూట అందరం బ్రెడ్డు తిన్నాం.

మరుసటి శుక్రవారం గంగన్న చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఆ సాహెబు బతికిన జాగ ఒక్కసారి ఎయ్యుండ్రి, నేను జూస్త" అన్నాడు. టేపు ఇరుక్కుని తెగిపోయిందన్నాడు ఖాజా భాయ్. నిజమే, తెగింది... పొద్దున్నే ఆయనే కత్తెరతో తెంపాడు.

గంగన్న పని ముగించుకుని, ఎగ్జిట్ మీద శాశ్వతంగా ఇంటికెళ్ళే దాకా కొత్తవాళ్ళందరికీ ఆ సినిమా కథ చెబుతూనే ఉన్నాడు. ఆయన కథలో సాహెబు ఎప్పుడూ చావలేదు.

ఇప్పుడు ఏ క్యాంపులో చూసినా ఎవరి మంచం మీద వాళ్ళు, ఎవరి ఫోన్లో వాళ్ళ సినిమా... ఏ కథ చివర ఏమైందో గోడ అవతలివాడిని అడగాల్సిన పనే లేదు. మీకోసం ఎప్పుడైనా, ఎవరైనా, కథ మార్చి చెప్పారా? చెప్పి ఉంటే రాయండి... చదువుకుంటాను.