కోడలి వైద్యానికి వెళ్ళి నేను రాయించిన సర్వే

గోదావరికి వరదొచ్చినప్పుడు మోకాటి లోతు నీళ్ళలో, నెత్తిన చేపల తట్టతో సంతకు వెళ్ళినదాన్ని నేను. ఎక్కడా కాలు జారలేదు. అలాంటిదాన్ని, రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో, ఫ్యాను కింద, కుర్చీలో కూర్చుని మునిగిపోయాను. ఒక్కదాన్నే మునిగితే మీకు చెప్పేదాన్ని కాదు. పక్క కుర్చీలో ఉన్న నా కోడల్ని కూడా ముంచబోయాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. మా వీధి ఆరేళ్ళుగా నవ్వుతూనే ఉంది. కొత్తగా మీరు నవ్వితే నాకు పోయేదేమీ లేదు.

మాది ఆత్రేయపురం అవతల ఏటిగట్టు మీద ఊరు. మా ఆయనా, కొడుకు సత్తిబాబూ వేటకెళతారు, నేను చేపలమ్ముతాను. మా కోడలు దుర్గ ఇంటర్ చదివింది. కాపురానికి వచ్చిన ఏడాదే, యాభై దాటిన నా చేత పలక పట్టించింది. "వంద రకాల చేపల్ని గుర్తుపడతావు, యాభయ్యారు అక్షరాల్ని గుర్తుపట్టలేవా అత్తా?" అని పోరింది. మీరిప్పుడు చదువుతున్నది ఆ పోరు ఫలితమే. తప్పులుంటే ఆవిడనే అడగండి.

ఆ దుర్గకి ఏడో నెలలోనే నొప్పులొచ్చాయి. పాప పుట్టింది, ఒక పూట ఉంది, వెళ్ళిపోయింది. ఆ తరవాత దుర్గ మాట్లాడటం మానేసింది. పిలిస్తే చూస్తుంది. పెడితే రెండు మెతుకులు తింటుంది. పడుకోబెడితే కళ్ళు తెరుచుకునే ఉంటుంది. నలభై రోజులు దాటినా అంతే. మనిషి పూతరేకులా పలచబడిపోయింది. పిల్ల మాకు దక్కుతుందా అని లోపల భయం మొదలైంది.

నేను ఊరుకున్నానా? నాకు తెలిసిన వైద్యమంతా చేశాను. ముందు సెలైన్ పెట్టించాను. మా వైపు సీసా ఎక్కితే తప్ప జబ్బుకి జబ్బన్న గౌరవం ఉండదు. తరవాత దిష్టి తీశాను. పాప కోసం దుర్గ కుట్టుకున్న చిన్న చిన్న గౌన్లు ఆవిడ కంట పడకూడదని మూడో రోజునే మూటగట్టి ఎవరికో ఇచ్చేశాను. పాప మాట ఇంట్లో ఎవరూ ఎత్తకూడదని మగవాళ్ళిద్దరికీ ఆజ్ఞ వేశాను. అంత తెలివైన పని ఈ జిల్లాలో ఇంకెవరూ చేసి ఉండరని నా నమ్మకం.

చివరికి మా ఊరి నర్సమ్మ గారు వచ్చి చూసి, రాజమండ్రి తీసుకెళ్ళి మానసిక వైద్యులకి చూపించమన్నారు. మా కోడలికి పిచ్చేంటండి అని ఆవిడ మీదకి లేచాను. ఆవిడ కదల్లేదు.

"పన్ను నొప్పొస్తే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తావా రత్నం? పిల్లకి మనసు దెబ్బతింది. దాన్ని చూసేవాళ్ళు వేరే ఉన్నారు. సీసాలు ఎక్కించింది చాలు, బయల్దేరు."

బయల్దేరాం. నేనూ వస్తానన్న సత్తిబాబుని, ఆడవాళ్ళ సంగతి నీకెందుకురా అని వేటకి పొమ్మన్నాను. మా ఆయన్ని మాత్రం టీ తేవడానికి పనికొస్తారని వెంటబెట్టుకున్నాను.

పులస కొనేవాళ్ళు మొప్ప ఎత్తి చూసినట్టు డాక్టరు గారు కన్నూ నాలుకా లాగి చూస్తారనుకున్నాను. ఆయన అవేవీ పట్టించుకోలేదు. నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, బతకాలనిపించకుండా ఉంటోందా అని దుర్గని నెమ్మదిగా అడిగారు. ఆవిడ తలతోనే జవాబులు చెప్పింది. మాత్రలు రాసి, వారం వారం సైకాలజిస్టు గారు కూర్చోబెట్టి మాట్లాడతారనీ, ముందు పక్క గదిలో సోషల్ వర్కర్ గారికి ఇంటి సంగతులు చెప్పి రమ్మనీ అన్నారు. సూది వెయ్యరాండి అన్నాను. అక్కర్లేదన్నారు. చిన్నదైనా, అన్నాను, కొసరు అడిగినట్టు. ఆయన గంట కొట్టి తరవాతివాళ్ళని పిలిచారు.

పక్క గదిలో ముప్పై ఏళ్ళ అమ్మాయి కూర్చుని ఉంది. మెడలో గొట్టం లేదు, గుర్తింపు కార్డుంది. బల్ల మీద సూది లేదు, మందు లేదు. అచ్చువేసిన కాగితం ఒకటుంది, నిండా ఖాళీ గళ్ళతో. ఆవిడ పెన్ను తీసి, చల్లగా నవ్వి అడిగింది.

"ఇంట్లో ఎంతమంది ఉంటారమ్మా?"

ఇక్కడ కాస్త ఆగి మా వీధి సంగతి చెప్పాలి. చేపపిల్లకి ఈత నేర్పక్కర్లేదు, మా వీధి ఆడవాళ్ళకి సర్వేలో ఏం చెప్పాలో నేర్పక్కర్లేదు. చేతిలో కాగితంతో ఎవరైనా వీధి మొదట్లో కనబడితే చాలు, చివరింటి దాకా కబురు పాకుతుంది. టీవీల మీద దుప్పట్లు పడతాయి. మోటారు సైకిళ్ళు చుట్టాలవైపోతాయి. పెళ్ళైన కొడుకులు ఆ క్షణానే వేరు కాపురాలు పెట్టేస్తారు. ఉన్నది ఉన్నట్టు చెబితే ఏ కార్డు పోతుందో, ఏ పింఛను ఆగుతుందో అని భయం. ఇంట్లో ఎంతమంది అన్న ప్రశ్న వినబడితే మా నోళ్ళు మమ్మల్ని అడగకుండానే జవాబు చెప్పేస్తాయి.

నా నోరూ అంతే చేసింది.

"మేమిద్దరమేనండి. నేనూ, ఈ పిల్లా."

"అమ్మాయి భర్త?"

"వేరు కాపురమండి."

పెన్ను ఆగింది. "భార్యకి ఇలా ఉంటే ఆయన విడిగా ఉంటున్నారా?"

"ఆయ్."

"మీవారు?"

ఒక్క క్షణం తటపటాయించాను. ముప్పై అయిదేళ్ళ కాపురం మరి. "లేరండి" అన్నాను. పోయారని అనలేదు, గమనించండి. ఆ వేళకి ఆయన ఆ గదిలో నిజంగానే లేరు. టీకి వెళ్ళారు.

అక్కడినుంచి నాకు ఊపొచ్చింది. డాబా ఇల్లు తాటాకు పాకైపోయింది. వానొస్తే లోపల గొడుగేసుకుని కూర్చుంటామన్నాను. పడవ మాట అడిగితే, పడవలెక్కడివమ్మా మాకు, గట్టున నిలబడి చూడటమే అన్నాను. పూట గడుస్తోందా అని అడిగితే దుర్గ గడ్డం పట్టి మొహం అటు తిప్పి, తిన్న మొహంలా ఉందా మీరే చెప్పండన్నాను. దుర్గ నా చేతిలో బొమ్మలా తిరిగింది.

"పిల్లలు?"

"లేరండి."

ఇన్నిటి మధ్య ఒక్క నిజం చెప్పే అవకాశం వచ్చినందుకు ప్రాణం తేలికపడింది.

ఆవిడ కాగితం పక్కన పెట్టి దుర్గ వైపు చూసింది. తరవాత నాతో అంది.

"అమ్మా, ఈ అమ్మాయిని ఆ ఇంటికి తిరిగి పంపడానికి నాకు మనసొప్పడం లేదు. తిండి లేదు, భర్త లేడు, చూసేవాళ్ళు లేరు. ఆడవాళ్ళు ఉండటానికి మంచి ఇల్లొకటి ఉంది. డాక్టరు గారికి చెప్పి అక్కడ మాట్లాడతాను."

ఇల్లు. నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఊళ్ళో ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టుకున్నవాళ్ళకే రానిది, కూర్చున్న పావుగంటకి నాకు ఇల్లిస్తున్నారు. పుట్టి బుద్ధెరిగాక అంత వినయంగా నేనెప్పుడూ మాట్లాడలేదు.

"కాలవ పక్కన మాత్రం వద్దమ్మా, దోమలు. తూర్పు వాకిలైతే మంచిది."

"మీకు కాదమ్మా, అమ్మాయికి."

"అలాగే, ఆవిడ పేరు మీదే రాయండి. మాకేం అభ్యంతరం లేదు."

ఆవిడ నన్ను వింతగా చూసి ఫోను అందుకుంది. సరిగ్గా అప్పుడు తలుపు తోసుకుని మా ఆయన వచ్చారు. చేతుల్లో టీ కప్పులు, చంకలో బన్నుల కవరు, చెవికీ భుజానికీ మధ్య ఫోను.

"రత్నం, సత్తిబాబు లైన్లో ఉన్నాడు. పడవ ఇంజను తాళం కనబడట్లేదంట. ఫ్రిజ్ మీద పెట్టావా, టీవీ వెనకాల పెట్టావా?"

ఒక్క మాటలో మా ఆస్తి మొత్తం చదివేశారు. దస్తావేజు రాసేవాళ్ళు కూడా అంత తొందరగా రాయలేరు.

"ఎవరమ్మా ఈయన?" అంది ఆవిడ.

"తెలీదండి" అన్నాను. "మేమొచ్చిన బస్సులోనే వచ్చారు."

మా ఆయన నావైపు చూశారు. దుర్గ వైపు చూశారు. టీ కప్పులు జాగ్రత్తగా బల్ల మీద పెట్టారు.

"నీక్కూడా ఇక్కడే చీటీ రాయించమంటావా రత్నం?" అన్నారు.

అప్పుడు పక్క కుర్చీలోంచి ఒక చప్పుడొచ్చింది. వెక్కు వచ్చిందేమో అనుకున్నాను. కాదు, దుర్గ నవ్వుతోంది. నలభై రోజులుగా పెదవి కదపని పిల్ల నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆ నవ్వు సగంలో విరిగి ఏడుపైంది. ఆ ఏడుపులోంచి మాట వచ్చింది.

"ఆయన మా మావయ్యగారండి. మా ఆయన నాతోనే ఉంటారు. అన్నం బాగానే పెడతారు, నాకే తినబుద్ధి కాదు. మా అత్త చెప్పినదాంట్లో నా పేరొక్కటే నిజమండి."

ఇంకో నిజం కూడా చెప్పానని అనబోయాను. దుర్గ నన్ను అననివ్వలేదు.

"పిల్లలు లేరని రాశారు కదండి. అది కూడా కొట్టెయ్యండి. ఒక పాప."

ఇక్కడ మీరు నవ్వనక్కర్లేదు. నేనూ నవ్వలేదు. కావాలని ఆడిన అబద్ధాలన్నీ ఆ పిల్ల నవ్వేసి ఊరుకుంది. నిజమనుకుని చెప్పిన ఆ ఒక్క మాటే తట్టుకోలేకపోయింది.

సోషల్ వర్కర్ గారు ఆ గడిలో గీత కొట్టి మళ్ళీ రాసింది. పేరు పెట్టారా అని అడిగింది. దుర్గ చెప్పింది. సత్తిబాబూ తనూ ముందే అనుకుని పెట్టుకున్నారట. ఆ పేరు నేను వినడం అదే మొదలు. ఇక్కడ రాయను, అది దుర్గది.

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. పది అబద్ధాలతో ఒక కాపురాన్ని చెదరగొట్టే సదుపాయం కూడా ఉందని వాళ్ళెవరూ చెప్పలేదు. కోడల్ని ఇంటినుంచి పంపించేస్తూ తూర్పు వాకిలి కావాలని బేరమాడిన అత్త నేనొక్కదాన్నే అయివుంటాను.

సోషల్ వర్కర్ గారు నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బావుండేది, తిరిగి ఏదైనా అనేదాన్ని. ఇంకో కాగితం తీసి నాకు అర్థమయ్యేలా చెప్పింది.

"డాక్టరు గారు మందులు చూస్తారు. సైకాలజిస్టు గారు అమ్మాయి బాధని మాటల్లోకి తెప్పిస్తారు. ఇక్కడినుంచి ఇంటికెళ్ళాక ఆవిడ ఎవరి మధ్య ఉంటుంది, ఎవరు ఏం సాయం చెయ్యగలరు అన్నది నేను చూడాలి. మీరు ఇల్లే మార్చి చెబితే నేను లేని ఇంటికి దారి వెతుకుతాను."

"అయితే ఇది సర్వే కాదాండి?"

"కాదమ్మా. ఏదైనా పథకం మీకు వర్తిస్తే ఎవరిని కలవాలో అదీ నేనే చెబుతాను. దానికి కూడా నిజమే కావాలి."

మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. అబద్ధాలకి పావుగంట పట్టింది, నిజాలకి గంట దాటింది. డాబా, పడవ, ఫ్రిజ్ తేలిగ్గానే ఒప్పుకున్నాను. గౌన్ల మూట సంగతి మాత్రం అన్నిటికన్నా చివర చెప్పాను. దుర్గ నావైపు తిరిగి, "ఒక్కటైనా ఉంచాల్సింది అత్తా" అంది. అంతే అంది.

తరవాతి వారం సత్తిబాబుని కూడా రప్పించి, సోషల్ వర్కర్ గారు మాకు పనులు పంచింది. మాత్రలు వేళకి గుర్తుచెయ్యడం మా ఆయనది. వారం వారం సైకాలజిస్టు గారి దగ్గరికి తోడెళ్ళడం సత్తిబాబుది. నా వంతు కోసం కొంగు బిగించి కూర్చున్నాను. దుర్గ పాప గురించి మాట్లాడితే పక్కన కూర్చుని వినాలట. సలహా చెప్పకూడదట. ఊరుకోమని అనకూడదట.

"అంతేనాండి?"

"అంతేనమ్మా."

అంతకంటే పడవ ఇంజను ఒంటిచేత్తో ఎత్తమన్నా ఎత్తేదాన్ని. మొదటి రోజు దుర్గ అరగంట మాట్లాడింది. మాట బయటికి రాకుండా పళ్ళ మధ్య నాలుక నొక్కిపెట్టుకున్నాను. మర్నాడు చేపల పులుసు తినలేకపోయాను. రెండో వారానికి కాస్త అలవాటైంది. ఊరుకున్నకొద్దీ ఆ పిల్ల ఇంకా చెబుతుందని మెల్లగా తెలిసింది. నెలలు పట్టింది. ముందు నిద్ర వచ్చింది, తరవాత ఆకలి వచ్చింది. పాపని మరిచిపోలేదు, ఎవరూ మరిచిపోమని అనడం లేదు కూడా. ఒకరోజు పులుసులో ఉప్పు ఎక్కువైందని నాతో పోట్లాటకి దిగింది. ఆ పోట్లాటకి నేను పొందిన ఆనందం నా పెళ్ళికి కూడా పొందలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో ఎవరి మనసు బాగోలేకపోయినా ముందు నా దగ్గరికే వస్తారు. మందు ఎవరు రాస్తారో, మాట ఎవరు వింటారో, ఇంటి సంగతి ఎవరికి చెప్పాలో గది గదికీ తేడా చెప్పి పంపుతాను. దారి తప్పిన మనిషికే దారి బాగా తెలుస్తుంది కదా.

కాబట్టి, మీ అందరి సాక్షిగా, నిండు తెలివితో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ఆసుపత్రిలో ఏ సోషల్ వర్కర్ గారు ఏ కాగితం తీసినా, మా ఇంట్లోని మనుషుల్నీ, సామానునీ, నా తప్పుల్నీ ఉన్నవి ఉన్నట్టు ఒప్పుకుంటాను. కట్టుకున్న మొగుణ్ణి ఎవరి ముందూ తెలీదననను. ఒక పూట ఉన్న మనిషిని కూడా లెక్కలోంచి తియ్యను.

మరి అసలు సర్వే వాళ్ళొస్తే ఏం చేస్తావంటారా? అది ఈ ప్రమాణంలో లేదు. ఆ శాఖ ఇప్పుడు దుర్గ చూస్తోంది. మొన్న వాళ్ళొచ్చినప్పుడు గుమ్మంలో నిలబడి ఎంత దీనంగా చెప్పిందంటే, వెనకాల నిలబడి విన్న నాకే మా ఇంటి మీద జాలేసింది.