మోగని చక్రం

నా చిన్నప్పుడు మా ఇంట్లో కుదురుగా కూర్చునే మనిషంటూ లేడు, నేనైతే మరీను. కానీ ఆ వారం మా నాన్న నన్ను మించిపోయాడు. తెలంగాణ రాకముందు మాట ఇది. నాచారంలో మా ఇంటి వెనకే ఆయనకు డీజిల్ ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఉండేది. మా బాబాయి ఘట్‌కేసర్ అవతల జరిగే బురద పందేల్లో జీపు తోలేవాడు. ఆ జీపు ఇంజన్‌కి నాన్నే బలం పెంచాడు. ఒకసారి పరీక్ష చేద్దామని గట్టిగా తోలితే లోపల తిరిగే ఉక్కు ఇరుసు, అదే క్రాంక్‌షాఫ్ట్, రెండు ముక్కలైంది. ఖాళీ మైదానం కాబట్టి బాబాయి బతికిపోయాడు. ఆదివారం మళ్లీ పందెం, ఈసారి నిటారు గుట్ట మీదికి.

నాన్న కొత్త షాఫ్ట్ వేశాడు. ఇక దాని ముందు కొసన బిగించే డాంపర్ ఏదో తేల్చుకోవాలి. సిలిండర్లో మంట పేలిన ప్రతిసారీ షాఫ్ట్ రవ్వంత మెలి తిరిగి వెనక్కొస్తుంది. ఆ వణుకును మింగడమే డాంపర్ పని. అది సరిపడకపోతే ఉక్కైనా విరగాల్సిందే. బల్ల మీద మూడు పెట్టుకున్నాడు: ఇంజన్‌తో వచ్చిన రబ్బరుది, లాలాపేట్ దోస్తు ఇచ్చిన గట్టి ఇనుప చక్రం, ఎక్కడా సందు లేకుండా మూసేసిన చక్రం. ఆ మూడోదాని లోపల చిక్కటి ద్రవం, అందులో మునిగి ఒక కడియం ఉంటాయట.

ఏ ఇనుప సామానైనా తాడుకు వేలాడదీసి, పానాతో తట్టి, చెవి పెట్టి వినడం మా నాన్నకు అలవాటు. ఖంగుమంటే మంచిది, లేదంటే ఎక్కడో పగులున్నట్టు. చుట్టుపక్కల షెడ్లలో అందరిదీ అదే పద్ధతి. ఇనుప చక్రం గణగణా మోగింది, ఆయన మొహం వెలిగిపోయింది. మూసేసిన దాన్ని తడితే దబ్బుమంది.

"సచ్చిన పీనుగు లెక్కున్నది, తియ్!" అని పక్కకు నెట్టాడు.

"అయ్యయ్యో, దాన్ని కొట్టకండి అంకుల్! సొట్ట పడితే లోపలి కడియం ఇరుక్కుపోతుంది," అంటూ పక్కింటి అక్క గోడ దాటి వచ్చేసింది. వాళ్లది విజయవాడ వైపు. ఉప్పల్ దగ్గర ఓ ప్రభుత్వ ప్రయోగశాలలో యంత్రాల వణుకు కొలవడం ఆమె ఉద్యోగం.

"మోగంది ఏం పనికొస్తది బిడ్డా?" అన్నాడు నాన్న విసుగ్గా.

అక్క వాదించలేదు. నన్ను వంటింట్లోకి పంపి ఒక పచ్చి గుడ్డు, ఒక ఉడికిన గుడ్డు తెప్పించింది. రెండూ బల్ల మీద తిప్పింది. ఉడికింది గిర్రున తిరిగింది. పచ్చిది బద్ధకంగా ఊగి ఆగిపోయింది. లోపలి సొన పెంకుతో కలిసి తిరగక ఆ ఊపును అక్కడే అరాయించుకుంటుందనీ, మూసేసిన చక్రమూ షాఫ్ట్ వణుకును అట్లాగే మింగుతుందనీ, మోగలేదంటే మీ దెబ్బను మింగేసినట్టేననీ చెప్పింది. ఇనుప చక్రానికి ఆ గుణమే లేదట. రబ్బరుదాన్నేమో పాత బలానికి, పాత వేగానికి సరిపోయేటట్టు చేశారు, నాన్న రెండూ పెంచేశాడు.

అయినా ఆయన మనసు ఒప్పుకుంటేనా! "లోపల ఏమున్నదో కనబడని దాని మీద మా తమ్ముని పానం ఎట్ల పెట్టాలె?" అని షెడ్డంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. పచ్చి గుడ్డును తనే తిప్పి, మళ్లీ తిప్పి, చివరికి పగలగొట్టాడు. బల్లంతా సొన. అమ్మ చేత చీవాట్లు.

"మొన్న షాఫ్ట్ విరిగినప్పుడు ఏది బిగించి ఉంది అంకుల్?" అని మెల్లగా అడిగింది అక్క.

రబ్బరుదే. నాన్న పక్కకు నెట్టేసినదాన్ని మళ్లీ ముందుకు లాక్కున్నాడు. అక్క అంచు వెంట వేళ్లతో తడిమి సొట్టేమీ లేదని తేల్చాక, సుత్తి ముట్టకుండా ఆ మూసేసిన చక్రాన్నే బిగించాడు.

ఆదివారం జీపు గుట్టెక్కుతూ అరుస్తుంటే నేను ఒక్కచోట నిలవలేక అటూ ఇటూ తిరిగాను. నాన్న నా చేయి పట్టుకున్నాడు. 'ఏం గాదు' అంటాడనుకున్నాను.

"నాకు మస్తు భయమైతుంది బిడ్డా," అన్నాడు.

"నాగ్గూడ నాన్నా," అన్నాను. ఏం చిత్రమో, ఆ మాట బయటికి రాగానే నా కాళ్లు నిలబడ్డాయి. బాబాయి గెలవలేదు గానీ, ఇంజన్ ఆగకుండా గుట్ట పైకి చేరి, ఒళ్లంతా బురదతో నవ్వుతూ దిగాడు. నాన్న వాటేసుకుని నోటికొచ్చినట్టు తిట్టాడు.

ఇప్పుడు నాకూ పిల్లలున్నారు. మొన్న దవాఖానాలో నా కూతుర్ని ఆపరేషన్‌కి తీసుకెళ్తుంటే, ధైర్యంగా ఉండమని అందరూ దానికి చెబుతున్నారు. నేను దాని చేయి పట్టుకుని, "నాక్కూడా భయంగానే ఉంది తల్లీ," అన్నాను. అది నా వైపు తిరిగి, గట్టిగా ఊపిరి వదిలి, నా వేళ్లు నొక్కింది.