నానమ్మ తోమిన నేల

నా చిన్నప్పుడు రాయగడలో మా ఇంట్లో మనుషులకంటే నేలకు మర్యాద ఎక్కువ. మా బాబాయి పెళ్ళికని మా తాతయ్య గూడ్సు బండిలో కడప రాళ్ళు తెప్పించి ముందుగదంతా పరిపించాడు. వలిసెల నూనెగింజల వ్యాపారం కలిసొచ్చిన రోజులవి. నల్లగా, మొహం కనిపించేంత నున్నగా ఉండేవి ఆ రాళ్ళు. కాళ్ళకున్న ఎర్రమట్టి గుమ్మంలో దులుపుకోకుండా అడుగు పెడితే వీపు మోగేది.

ఆ నేల తుడిచే పని కొత్తకోడలు మా పిన్నిది. ఆమె కాపరానికి వచ్చిన కొన్నాళ్ళకే రాళ్ళ మీద తెల్లటి మచ్చలు తేలాయి. గుండ్రంగా, పాలిపోయి, ఎంత తుడిచినా పోయేవి కావు. నేరం పిన్ని మీద పడింది. నీళ్ళలో సోడా కలుపుతోందని, ఇంటిమీద కక్షతో కావాలనే చేస్తోందని మా నానమ్మ వీధి వీధంతా చెప్పింది. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. మా నానమ్మ నోరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నానమ్మ ప్రతి గురువారం ముందుగదిలోనే కూర్చుని పూజ ఇత్తడి తోముకునేది. అక్కణ్ణుంచైతే వీధీ, వంటిల్లూ రెండూ కనిపిస్తాయి. చింతపండు పూసిన చెంబులూ కుందులూ రాయి మీదే వరసగా ఆరేవి. పిన్ని ఒకసారి నెమ్మదిగా ఆ చింతపండు సంగతి ఎత్తింది. ఇత్తడికి మెరుగు తెచ్చేది రాయిని చెరుపుతుందంటే మా ఇంట్లో ఎవరు నమ్ముతారు? ఆ పూట ఆమెకు అన్నం పెట్టలేదు.

చివరికి తాతయ్య పిన్ని పుట్టింటికి, సాలూరు, కబురు పంపాడు, మీ పిల్లను తీసుకుపొండని. పిన్ని తండ్రి వచ్చి బల్ల చివర తలదించుకుని కూర్చున్నాడు. బాబాయి గోడకేసి చూస్తున్నాడు. నానమ్మ మచ్చలన్నీ వేలుపెట్టి చూపిస్తోంది. పిన్ని వంటింట్లోంచి చింతపండు ముద్ద తెచ్చి తాతయ్య కుర్చీ ముందు, మచ్చలేని చోట కూర్చుంది.

"అత్తయ్యా, మీ ఇత్తడి అద్దంలా ఉంటాది కదా. ఈ రాయీ అలాగే తోమీమంటారా?"

నానమ్మ ఆ ముద్ద లాక్కుంది. "నీ సెయ్యెట్టకు. ఇత్తడి తోమడమే రాదు నీకు, రాయేటి తోముతావు? నాను తోముతాను, సూడు."

కొబ్బరిపీచుతో ఒళ్ళంతా ఊగేలా తోమింది. పిన్ని నీళ్ళు పోసి, గుడ్డతో తుడిచి, పక్కకు తప్పుకుంది. తడి ఆరేకొద్దీ కంచమంత మేర రాయి తెల్లబడింది. తాతయ్య వంగి అక్కడ వేలితో రుద్ది చూశాడు.

"మరి ఇన్నాళ్ళూ సేసింది నువ్వేనేటి?" అన్నాడు నానమ్మతో.

నానమ్మ పీచు అక్కడే పడేసి లోపలికి వెళ్ళిపోయింది. పిన్ని తండ్రి భోంచేసి, మధ్యాహ్నం బస్సుకు ఒక్కడే వెళ్ళాడు. ఆ రోజు నా కడుపు నిండింది.

ముందే గట్టిగా చెప్పొచ్చు కదా అని సాయంత్రం పిన్నిని అడిగాను.

"సెప్పేను కదమ్మి. నా మాట ఆవిడికి ఎక్కదు. ఆవిడ సెయ్యే ఆవిడికి సెప్పాలి."

తాతయ్య మేస్త్రీని పిలిపించి సానరాయితో నునుపు పట్టించాడు. మెరుపు చాలావరకు తిరిగి వచ్చింది. ఇత్తడి పెరట్లోకి వెళ్ళింది. పులుపు ఒలికితే ఆ క్షణమే తుడవడం, ఉత్త నీళ్ళు, మెత్తటి గుడ్డ, అంతే. నానమ్మ మాత్రం పిన్నితో మళ్ళీ మాట్లాడలేదు. ఎదురుగా నిలబడ్డా సరే, "మీ పిన్నికి సెప్పు, నీళ్ళెట్టమని" అని నాతో అనేది. పోయేవరకూ అంతే. తప్పు తెలిస్తే మనిషి మెత్తబడుతుందంటారు. నేను చూడలేదు.

ఇప్పుడు మా ఇంట్లో చలవరాయి. యాసిడ్ సీసా పట్టుకుని శుభ్రం చేస్తామని వచ్చేవాళ్ళను గేటు దగ్గరే తిట్టి పంపిస్తాను. నానమ్మ నోరే నాకు వచ్చిందని మా వాళ్ళంటారు, అది నిజమే. నేల మీద మరక కనపడగానే నా నోటికి ముందు వచ్చేది నా కోడలి పేరే. అప్పుడు పళ్ళు బిగించి, పులుపు తగిలిందేమోనని ముందు నా చేతులు వాసన చూసుకుంటాను.