అడవిలో పడిన బోరు

2022 వేసవి. మార్కాపురంలో ఒక చిన్న మ్యాపింగ్ ఆఫీసులో పనిచేస్తున్నాను. పొలాల కొలతలు తీసుకుని కంప్యూటర్‌లో పటాలు గీసివ్వడం మా పని. ఒకరోజు పెద్దారవీడు దగ్గరి పల్లె నుంచి వెంకటలక్షమ్మ అనే రైతు వచ్చింది. బస్సు దిగి ఎండలో నడిచొచ్చిందేమో, చెంగుతో ముఖం తుడుచుకుంటూనే మొదలుపెట్టింది.

"నా కొత్త బోరు అడవిలో పడిందంట పాపా. కరెంటు ఇచ్చేది లేదన్నారు. మా మామ దున్నిన చేను, అడవెట్ల అయితాది? బత్తాయి చెట్లు ఎండిపోతా ఉండాయి."

"నీళ్లు పడినాయా పెద్దమ్మా?"

"పడినాయి. అదే కదా బాధ!"

నా ప్రాణం ఉసూరుమంది. మా పడమటి మండలాల్లో బోరులో నీళ్లు పడటమే గగనం. పడ్డాక కూడా చెట్టుకు అందకపోతే ఎట్లా?

ఆమె బోరు దగ్గర మేం జీపీఎస్‌తో తీసిన బిందువునూ, కరెంటు కాదన్న అధికారులు చూసిన, వేరేవాళ్లు తయారుచేసిన అడవి హద్దునూ ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో ఒకదానిమీద ఒకటి పెట్టాను. నిజమే, బోరు అడవిలోనే ఉంది. దాంతోపాటు పల్లె బడీ, తారు రోడ్డూ అడవిలోనే ఉన్నాయి! ముందు నవ్వొచ్చింది, వెంటనే కోపమొచ్చింది.

ఆ హద్దు పాత పటం చూసి గీసింది. పాత పటాలకు భూమి ఆకారం లెక్క, అంటే డేటమ్, వేరు, జీపీఎస్‌ది వేరు. ఒకదాని నుంచి ఇంకోదానికి, చోటును చెప్పే అంకెల్ని మార్చే ఆదేశం ట్రాన్స్‌ఫార్మ్. గీసినవాళ్లు అది వాడకుండా, సెట్ అనే ఆదేశంతో కొత్త లెక్క పేరు మాత్రం తగిలించారు. ఉప్పు డబ్బాకు చక్కెర అని చీటీ అంటించినట్టు. దాంతో అడవి మొత్తం వంద మీటర్లకు పైగా తూర్పుకు, చేలమీదికి జరిగింది.

అంకెల్ని సరిగ్గా మార్చి, రెండింటినీ ఒకే ప్రొజెక్షన్‌లోకి, అంటే గుండ్రటి భూమిని చదును పటంగా పరిచే లెక్కలోకి, తెచ్చాను. రోడ్డు బయటికొచ్చింది. బోరూ వచ్చింది. ఆ పటం పట్టుకుని అధికారులు చేనుకు పోయి, అడవి హద్దురాళ్ల దగ్గర సరిచూసుకున్నారు. కరెంటు ఇచ్చారు. అప్పటికే కొండవైపు చెట్లు కొన్ని మోడైపోయాయి.

కాపు చేతికొచ్చాక ఆమె సంచి నిండా బత్తాయిలు తెచ్చింది.

"బోరు అడవిలోంచి బయటపడింది కదా పెద్దమ్మా!" అన్నాను.

"అది యాడికి పోయింది పాపా? పోయినవి నా చెట్లే."

ఇప్పుడు ఏ హద్దు చేతికొచ్చినా ముందు ఆ ఊరి రోడ్డునూ, బడినీ వెతుకుతాను. అవి వాటి చోట ఉంటేనే మిగతా పని. పటాన్ని ఎన్నిసార్లయినా దిద్దగలను; ఎండిన చెట్టును దిద్దలేను.